గుర్రం మాంసం కొట్టులో ప్రేమ సినిమాలు

జుల్మా కత్తి ఎత్తిందంటే రెండు పనులు ఒకేసారి జరిగేవి. మొద్దు మీద ఎముక విరిగేది. కొట్లో నిలబడ్డ వాళ్ళలో ఎవరో ఒకరి అభిమాన నటుడి పరువు పోయేది.

గెంట్ పట్నంలో నూలు మిల్లుల పేట అది. కాలువ గట్టు మీద, తలుపు పైన బంగారు రంగు పూసిన గుర్రం తల వేలాడే కొట్టు ఆమెది. గుర్రం మాంసం తప్ప మరొకటి అమ్మేది కాదు. యుద్ధం అయిపోయిన ఏడాదే మొగుడు కమీల్ ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. అప్పటినుంచి కొట్టూ కత్తులూ ఆమెవే. సోమవారం కొట్టుకి సెలవు. ఆ రోజు మంచి కోటు తొడుక్కుని, తొడుగుల కింద చేతుల గాట్లు దాచుకుని, వంతెన అవతల ఉన్న లూనా సినిమా హాలుకి పోయేది. మిగతా వారమంతా ఆ సినిమా కొట్లోనే ఆడేది.

"ఆ డాక్టరు సినిమా ఒక సినిమానా?" అనేది, తొడ మాంసం కోస్తూ. "ప్రేమించిన పిల్ల రైలెక్కి పోతుంటే వాడు టోపీ చేత్తో పట్టుకుని నిలబడతాడట! ఎందుకా టోపీ? దాన్ని పట్టాల మీదికి విసిరేసి, పరిగెత్తి, కిటికీ పట్టుకుని వేలాడొద్దూ?"

"వేలాడితే చెయ్యి ఊడి చేతిలోకొస్తుంది," అనేవాడు ఆర్తూర్. అతను ట్రాములో కండక్టరుగా చేసి రిటైరైన ముసలాయన. పొగబెట్టిన మాంసం నాలుగు ముక్కలు కొనడానికి వచ్చి పూటంతా ఉండేవాడు. "అలా వేలాడిన వాళ్ళని నేను ఎంతమందిని దింపానో!"

"అందుకే నీ పెళ్ళాం నీతో సినిమాకి రాదు. నీకు ప్రేమ తెలీదు, టిక్కెట్టు తెలుసు."

కొట్లో ఆడవాళ్ళు ఘొల్లుమని నవ్వేవారు.

ఆమె అభిప్రాయాలకి లెక్కుండేది. దీపస్తంభం కాపలావాడి పెళ్ళాం కథతో ఒక సినిమా వచ్చినప్పుడు పేటంతా హీరో చనిపోయిన చోట ఏడిస్తే జుల్మా ఒప్పుకోలేదు. "అక్కడ కాదే! మొగుడి పడవ మునిగిందని తెలిశాక ఆవిడ మెట్లెక్కి దీపం వెలిగించడానికి పోతుంది చూడు, చేతులు వణికి అగ్గిపుల్ల అంటుకోదు, అక్కడ ఏడవాలి. తెర మీద వాళ్ళు ఏడిస్తే మనకి ఏడుపు రాదు. వాళ్ళు ఆపుకుంటే మనకొస్తుంది." ఇంత చక్కగా చెప్పగలిగిన మనిషి, ఒక్క సినిమా దగ్గర మాత్రం ఒళ్ళు మరిచిపోయేది. గుర్రాల దొర సినిమా.

అందులో దొరగారు తను ప్రేమించిన పిల్ల మరొకడితో నాట్యం చేస్తుంటే చూసి, సభలోంచి జుట్టు పట్టుకుని వానలోకి ఈడ్చుకొస్తాడు. చెంప పగలగొడతాడు. మరుక్షణం ఆ బురదలోనే మోకాళ్ళ మీద పడి, "నువ్వు లేని ఇంట్లో నేను దీపం పెట్టను" అని ఏడుస్తాడు. జుల్మా ఆ సినిమా వచ్చిన ప్రతిసారీ పోయింది.

"అదీ ప్రేమంటే!" అని మొద్దు మీద కత్తి దించేది. "రక్తం ఉడకని వాడిది ప్రేమ కాదు, చల్లారిన చారు. నా కమీల్ మంచివాడే, దేవుడు చల్లగా చూడాలి. పన్నెండేళ్ళ కాపురంలో ఒక్కనాడు గొంతెత్తలేదు. నేను కసాయి కుర్రాడితో నవ్వుతూ మాట్లాడితే, 'జుల్మా, కాఫీ చల్లారిపోతోంది' అనేవాడు. అంతే! కాఫీ!"

ఈ మాటలన్నీ నోరు తెరుచుకుని వినేది ఇవెట్. తల్లి పోయాక కొట్టు పైగదిలో అద్దెకి దిగిన పంతొమ్మిదేళ్ళ పిల్ల. మిల్లులో నూలు కండెలు మార్చే పని. జుల్మాని పిన్నీ అని పిలిచేది. సోమవారం మిల్లు నుంచి రాగానే దూది జుట్లోంచి దులుపుకుని జుల్మా చెయ్యి పట్టుకుని లూనాకి బయల్దేరేది. సినిమా నడుస్తుంటే తెర కంటే జుల్మా మొహమే ఎక్కువ చూసేది. పిన్ని ఎక్కడ ఏడిస్తే అక్కడ ఏడ్చేది. బయటికొచ్చాక, "ఎలా ఉంది పిన్నీ?" అని అడిగేది. తనకెలా ఉందో జుల్మా ఏనాడూ అడగలేదు.

ఫిర్మిన్‌ని ఆ పిల్లకి చూపించింది కూడా జుల్మానే.

కబేళాలో గుర్రాల్ని పడగొట్టేది అతను. ఆరడుగుల మనిషి, పసుపు పచ్చని జుట్టు, నవ్వితే కుడి చెంప మీద సొట్ట. సగం గుర్రాన్ని భుజాన వేసుకుని వీధిలోంచి నడిచొస్తే కిటికీలు తెరుచుకునేవి. ఒకసారి జుల్మా మాంసం చూసుకోవడానికి కబేళాకి పోయింది. ఒక గోధుమరంగు ఆడగుర్రం రక్తం వాసనకి బెదిరి లోపలికి రానని మొరాయించింది. ఫిర్మిన్ ఇనుప కడ్డీ తీసుకున్నాడు. దాని పక్కటెముకల మీద, మెడ మీద, ముట్టె మీద కొట్టాడు. ఎగశ్వాసతో అది మోకాళ్ళ మీద కూలబడ్డాక కూడా కొట్టాడు. తర్వాత చొక్కా చేతులు కిందికి దించుకుని జుల్మాని చూసి సొట్ట పడేలా నవ్వాడు. మర్నాడు ఆ గుర్రం సగం కొట్టుకి వచ్చినప్పుడు పక్కటెముకల మీద మాంసం నల్లగా, నీరుకారుతూ ఉంది. దెబ్బ తిన్న మాంసం అమ్మకానికి పనికిరాదు. జుల్మా దాన్ని కోసి కుక్కలకి పడేసింది. కోస్తూ కూడా, "ఏం బలమే వాడిది! గుర్రాల దొర మళ్ళీ పుట్టాడు," అంది ఇవెట్‌తో.

వసంతంలో తిరునాళ్ళకి ముగ్గురూ కలిసి పోయారు. వేయించిన పిండి ఉండల మీద పంచదార పొడి చల్లుకుని తిన్నారు. ఢీకొట్టే బొమ్మ కార్ల దగ్గర ఎవడో కుర్రాడు, మిల్లువాడే, ఇవెట్ కారుని రెండుసార్లు గుద్ది నవ్వాడు. అంతే. ఫిర్మిన్ చేతిలోని కాగితప్పొట్లం కింద పెట్టి, ఆ ఇనుప నేల మీదికి నడిచి, కుర్రాడిని కాలరు పట్టి కారులోంచి లాగాడు. ముఖాన్ని కారు అంచుకి వేసి కొట్టాడు. పళ్ళు విరిగిన చప్పుడు ఎముకల సంగతి తెలిసిన జుల్మాకి స్పష్టంగా వినబడింది. మళ్ళీ కొట్టాడు. కుర్రాడి ముక్కు చదునై చొక్కా ముందంతా ఎర్రబడింది. పైన దీపాలు రంగులు మారుతున్నాయి, పాట ఆగలేదు. నలుగురు కలిసి లాగితే గానీ ఫిర్మిన్ వదల్లేదు.

ఇవెట్ జుల్మా చెయ్యి పట్టుకుంది. "పిన్నీ, ఇంటికి పోదాం."

"పిచ్చిదానా! నీ కోసమే వాడు," అంది జుల్మా. ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. "తెర మీద ఎన్నిసార్లు చూసినా ఇలా ఒళ్ళు జలదరించలేదే!"

మర్నాడు కొట్లో ఆ దెబ్బలన్నిటినీ కత్తి తిప్పుతూ చేసి చూపించింది. ఆర్తూర్ మాత్రం మాంసం పొట్లం చంకలో పెట్టుకుని, "ఆ కుర్రాడు ఎవరి కొడుకో కనుక్కున్నావా?" అన్నాడు.

"నీకన్నీ పనికిమాలిన ప్రశ్నలే."

ఎండాకాలంలో పెళ్ళయింది. మిల్లు వెనక సందులో, ఒకే పంపు, ఒకే మరుగుదొడ్డితో పదేసి ఇళ్ళు ఉమ్మడిగా బతికే వరసలో కాపురం పెట్టారు. మొదట్లో ఇవెట్ సోమవారాలు వచ్చేది. తర్వాత ఒక సోమవారం వచ్చి ఒక సోమవారం మానేది. చివరికి, "ఆయనకి ఇష్టం లేదు పిన్నీ, చీకట్లో పరాయి మగాళ్ళ పక్కన కూర్చుంటానని," అంది.

ఒకరోజు మధ్యాహ్నం కొట్టు ఖాళీగా ఉన్నప్పుడు వచ్చింది. తలకి రుమాలు కట్టుకుంది. ఎడమ కన్ను మూసుకుపోయి ఊదారంగు కాయలా ఉంది. చెవికి ఉండాల్సిన కమ్మ లేదు. తమ్మె చీలి రక్తం గడ్డకట్టింది.

"అయ్యో తల్లీ! ఎవరు?"

"మిల్లు దగ్గర ఫోర్‌మన్‌తో మాట్లాడుతుంటే చూశాడు. అక్కడినుంచి జుట్టు పట్టుకుని ఇంటిదాకా లాక్కొచ్చాడు పిన్నీ. దారి పొడుగునా జనం చూస్తూనే ఉన్నారు." తెరిచి ఉన్న కన్నులో ఏదో ఆశలాంటిది కనిపించింది. "వాన కూడా పడుతోంది."

జుల్మా ముందుకి వంగింది. "తర్వాత?"

"తర్వాత ఏడ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని నా గౌను పట్టుకుని గంటసేపు ఏడ్చాడు."

జుల్మా కొవ్వు లేని మంచి ముక్క ఒకటి కోసి, చల్లగా ఉన్న ఆ మాంసాన్ని ఇవెట్ కన్ను మీద ఆనించి పట్టుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అయితే నిజమైన ప్రేమేనే పిచ్చితల్లీ," అంది. "ఏడిచే మగాడు ఎంతమందికి దొరుకుతాడు?"

ఇవెట్ తల ఊపింది. ఆ ముక్కని కన్నుకి అద్దుకునే ఇంటికి పోయింది.

ఆకులు రాలే రోజుల్లో లూనాకి గుర్రాల దొర మళ్ళీ వచ్చాడు. జుల్మా సోమవారం మధ్యాహ్నం ఆటకి ఒక్కతే పోయింది. ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. పక్క కుర్చీలో కోటు పెట్టుకుంది. అంతా తెలిసిన సినిమాయే, కింద రెండు భాషల్లో పడే అక్షరాలు చదవాల్సిన పని కూడా లేదు. నాట్యం వచ్చింది, వాన వచ్చింది. దొరగారి చెయ్యి గాల్లోకి లేచి పిల్ల చెంప మీద పడింది. చప్పుడు హాలంతా మోగింది. ముందు వరసలో ఎవరో నిట్టూర్చారు.

జుల్మా నిట్టూర్చలేదు. ఆమె ఆ చెంపనే చూస్తోంది. తెర నిండా పరుచుకున్న చెంప అది, పాల మీగడలా తెల్లగా ఉంది. ఒక్క గీత లేదు. పెదవి చిట్లలేదు. కనురెప్ప కదిలిన తీరు కూడా దెబ్బ తిన్న మనిషిది కాదు. ఇన్నేళ్ళుగా మాంసంతో బతికిన మనిషికి, దెబ్బ పడితే తోలు కింద ఏమవుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. రక్తం కమ్ముకుంటుంది, కండ నీరుకారుతుంది, నల్లబడుతుంది. ఈ చెంప మీద అసలు దెబ్బే పడలేదు. ఎవరో తెర వెనక చేతులు చరిచారు. అంతే.

తను మాంసం ముక్క అద్దిన కన్ను గుర్తొచ్చింది. చీలిన తమ్మె గుర్తొచ్చింది. లేచి నిలబడింది.

"కూర్చోవమ్మా! ఇప్పుడేగా వాడు ఏడ్చేది!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

జుల్మా ఆగకుండా బయటికొచ్చి, వంతెన దాటి, మిల్లు వెనక సందులోకి నడిచింది. పంపు దగ్గర బట్టలు ఉతుకుతున్న ఆవిడ, అడక్కుండానే, "శనివారం నుంచి ఆ పిల్ల బయటికి రాలేదండీ. మనకెందుకులే అని ఊరుకున్నాం," అంది.

తలుపు గడియ వేసి లేదు. ఇవెట్ పొయ్యి పక్కన నేల మీద గోడకి జారగిలబడి ఉంది. దవడ ఒక పక్కకి వేలాడుతోంది. నోట్లోంచి కారిన చొంగ, రక్తం కలిసి గౌను ముందు భాగమంతటా ఎండిపోయాయి. కుడి చేతి రెండు వేళ్ళు వెనక్కి వంగి ఉన్నాయి. జుల్మాని చూసి ఏదో చెప్పబోయింది. గొంతులోంచి బుడబుడమని చప్పుడు మాత్రం వచ్చింది. నిప్పు ఆరిన పొయ్యి మీద గిన్నెలో ఉడికి మాడిన కూర అలాగే ఉంది.

జుల్మా పక్కింటి బొగ్గుల తోపుడుబండి లాక్కొచ్చి, తన మంచి కోటు అందులో పరిచి, పిల్లని పసిపాపలా ఎత్తి పడుకోబెట్టింది. రాళ్ళు పరిచిన వీధుల్లో ఆసుపత్రిదాకా తోసుకుపోయింది. బండి ఎగిరిపడినప్పుడల్లా ఇవెట్ మూలిగేది. మూలిగినప్పుడల్లా జుల్మా, "నేనేనమ్మా, నేనే," అనేది. ఓదార్చడానికి అన్నదో, తప్పు ఎవరిదో చెప్పుకుందో ఆమెకే తెలియదు.

ఆసుపత్రి డాక్టర్లు దవడ సరిచేసి, పైపళ్ళకీ కిందిపళ్ళకీ తీగలు కట్టి నోరు మూసేశారు. వేళ్ళకి చెక్కలు కట్టారు. కుడి చెవి ఇక వినబడదన్నారు. పేట పోలీసు వచ్చి టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"మొగుడూ పెళ్ళాల గొడవ మేడమ్. ఆ అమ్మాయి తన నోటితో చెప్తేగానీ మేం ఏం చెయ్యలేం."

"ఆ నోరే విరగ్గొట్టాడు కదయ్యా!"

పోలీసు మంచం వైపు చూసి, మళ్ళీ టోపీ వైపు చూసుకున్నాడు. అతని చేతిలో ఉన్నది అంతే.

జుల్మా ఇవెట్‌ని తన ఇంటికి తీసుకొచ్చి పైగదిలో పెట్టింది. ఎముకల చారు వడగట్టి గొట్టంతో తాగించేది. ఫిర్మిన్ జాడ లేదు. కబేళానుంచి మాంసం వేరేవాడు తెచ్చేవాడు. జుల్మా కొట్లో సినిమాల మాట ఎత్తడం మానేసింది. కత్తి చప్పుడు తప్ప ఏమీ వినబడని ఆ కొట్లో జనానికి తోచేది కాదు. ఆర్తూర్ ఒకసారి, "లూనాలో ఏదో కొత్తది వచ్చిందట," అని కదిపి చూశాడు. జుల్మా మాంసం తూచి ఇచ్చింది.

శనివారం పొద్దున కొట్టు కిటకిటలాడుతుండగా ఫిర్మిన్ వచ్చాడు. గడ్డం గీసుకున్నాడు. పెళ్ళికోటు తొడుక్కున్నాడు. చేతిలో తెల్ల చేమంతుల గుత్తి. ఆడవాళ్ళు రెండు వైపులా తప్పుకున్నారు. అతను నేల మీద చల్లిన రంపప్పొట్టులోనే మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"అందరిముందూ అడుగుతున్నా," అన్నాడు. బుగ్గల మీద నిజంగానే కన్నీళ్ళు కారుతున్నాయి. "నా పెళ్ళాన్ని నాకు పంపించు. ఇవెట్! వింటున్నావా? నువ్వు లేని ఇంట్లో నేను దీపం పెట్టను!"

కొట్లో నిట్టూర్పులు వినబడ్డాయి. ఒకావిడ ముక్కు చీదింది. "పాపం, మారిపోయాడే," అంది ఇంకొకావిడ.

ఫిర్మిన్ జన్మలో సినిమా హాలు గడప తొక్కినవాడు కాదు. ఆ మాట అతను విన్నది ఇక్కడే, సగం గుర్రాన్ని కొక్కేనికి తగిలిస్తూ, జుల్మా నోటినుంచే.

"ఆ మాట నాది," అంది. "నా దగ్గర నేర్చుకున్నావు. లేచి బయటికి నడు."

"పిన్నీ..."

"పిన్నీ లేదు, గిన్నీ లేదు. నడు."

ఫిర్మిన్ మొహం మీద ఏడుపు ఆగిపోయింది. పంపు కట్టేస్తే నీళ్ళు ఆగినట్టు ఆగింది. లేచి, మోకాళ్ళకి అంటుకున్న పొట్టు దులుపుకున్నాడు. "ముసలి గుర్రమా, నా పెళ్ళాన్ని దాస్తావా?" అని చేమంతులు విసిరికొట్టి, బల్ల మీది గాజు పెట్టెని పిడికిలితో పగలగొట్టాడు. గాజుపెంకులు మాంసం మీద వానలా పడ్డాయి. ఆడవాళ్ళు కేకలు పెడుతూ తలుపు దగ్గర ఒకరినొకరు తొక్కుకున్నారు. అడ్డంపోయిన ఆర్తూర్‌ని మెడపట్టి గోడకేసి విసిరాడు. తల తూకం రాళ్ళకి తగిలి ముసలాయన కిందపడ్డాడు.

జుల్మా మెట్లకి అడ్డంగా నిలబడింది. ఫిర్మిన్ కొట్టిన మొదటి దెబ్బకే రెండు పళ్ళు నాలుక మీదికొచ్చాయి. రెండో దెబ్బ పక్కటెముకల్లో దిగింది. ఆమె పడలేదు. మెట్ల పక్క కర్రని పట్టుకుని వేలాడింది. అతను ఆమె మణికట్టు పట్టి ఎదురు తిప్పాడు. ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది. ఆమెని దాటుకుని పైకి పోయాడు. పైన కుర్చీ పడింది. నోరు మూసుకుపోయిన పిల్ల అరుపు, మూతవేసిన కుండలోంచి వచ్చినట్టు ఇల్లంతా వినబడింది.

జుట్టు పట్టుకుని మెట్ల మీదుగా ఈడ్చుకొస్తున్నాడు. ఒక్కో మెట్టుకీ ఇవెట్ తల తగులుతోంది. చెక్కలు కట్టిన చేత్తో ఆమె గోడని పట్టుకోబోతోంది. పట్టు దొరకడం లేదు.

జుల్మా ఎడమ చేత్తో పైన కమ్మీకి ఉన్న కొక్కెం తీసింది. సగం గుర్రాన్ని మోసే కొక్కెం అది, అరచేతి పొడవు మొన. ఫిర్మిన్ ఆఖరి మెట్టు దిగి వంగాడు. ఆమె ఒళ్ళంతా కూడదీసుకుని దాన్ని అతని భుజంలో, మెడకీ చేతికీ మధ్య దించింది. మొన కండలోంచి దిగి ఎముక కింద తగులుకుంది. అతను గుర్రం సకిలించినట్టు అరిచాడు. జుట్టు వదిలేశాడు. జుల్మా కొక్కేన్ని వదల్లేదు. తన బరువంతా వేసి వెనక్కి లాగింది. ఇద్దరూ రక్తంలో, పొట్టులో, గాజుపెంకుల్లో కలిసి పడ్డారు. అతను ఎడమ చేత్తో ఆమె గొంతు పట్టుకుని నొక్కాడు. కళ్ళు చీకట్లు కమ్మాయి. ఆమె ఇంకా లాగింది. లోపల ఏదో తెగింది. కొక్కెం అకస్మాత్తుగా తేలికై చేతికొచ్చింది. ఆ వెంటనే గొంతు మీద పట్టు సడలింది.

"చచ్చాడా?" అంది జుల్మా రక్తం ఉమ్ముతూ.

"లేదు," అన్నాడు ఆర్తూర్ గోడ దగ్గరినుంచి. నుదుటి మీది రక్తం కళ్ళలోకి కారుతుంటే తుడుచుకుంటున్నాడు. "ఏడుస్తున్నాడు."

"ఏడవనీ."

ఈసారి పోలీసులు ముగ్గురొచ్చారు. ఇవెట్ నోరు విప్పాల్సిన అవసరం రాలేదు. కొట్లో ఉన్నవాళ్ళందరికీ నోళ్ళున్నాయి. చేమంతులు చూసి ముక్కు చీదినావిడే అందరికంటే గట్టిగా చెప్పింది. ఫిర్మిన్‌కి జైలు పడింది. కుడి చెయ్యి భుజందాకా చచ్చుబడింది కాబట్టి ఇక కబేళాలో పని లేనట్టే. జుల్మా మీద కూడా కేసు నడిచింది. భుజంలో దించాక లాగడం ఎందుకని ఫిర్మిన్ వకీలు అడిగాడు.

"వాడు ఆగలేదు కాబట్టి," అంది జుల్మా.

"ఈ పెళ్ళి కుదిర్చింది మీరేనట కదా?"

"నేనే," అంది. "అది కూడా రాసుకోండి. దానికి శిక్ష ఉంటే వెయ్యండి."

దానికి చట్టంలో శిక్ష లేదు. ఆత్మరక్షణ కింద వదిలేశారు. విరిగిన మణికట్టు వంకరగానే అతుక్కుంది. కత్తి ఎడమ చేతికి మారింది. ముక్కలు మునుపంత నున్నగా రాకపోయినా జనం కొనడం మానలేదు.

ఇవెట్ నోటి తీగలు విప్పాక చాలాకాలం పెద్దగా మాట్లాడలేదు. వింటున్నప్పుడు ఎడమ చెవి తిప్పేది. మిల్లు మానేసి కొట్లోనే పొట్లాలు కట్టేది. ఒక సోమవారం మధ్యాహ్నం తనంతట తనే కోటు తొడుక్కుని వచ్చి నిలబడింది.

"సినిమాకి పోదాం."

"వద్దులేవే. ఎందుకిప్పుడు?"

"నాకు పోవాలనుంది."

ఏదో పియానో మాష్టరు కథ. మొదటి సగం బాగానే నడిచింది. తర్వాత మాష్టరు, కోపంగా వెళ్ళిపోతున్న పిల్ల మణికట్టు పట్టుకుని వెనక్కి లాగాడు. హాలు నిట్టూర్చింది. జుల్మా పక్కకి తిరిగేసరికి ఇవెట్ సీటు మడతపడి ఉంది. బయటికి పరిగెత్తింది. ఇవెట్ మెట్ల మీద నిలబడి, కాలువ మీంచి వచ్చే చలిగాలికి నోరు తెరిచి ఊపిరి పీలుస్తోంది. జుల్మా పక్క బండి దగ్గర వేయించిన బంగాళాదుంప ముక్కలు పొట్లం కొనుక్కొచ్చింది. ఇద్దరూ నిలబడి తిన్నారు. మెత్తటివి ఏరి ఇవెట్‌కి ఇచ్చింది. దవడ ఇంకా గట్టివి నమలనివ్వదు.

"ఇంటికి పోదాం పద," అంది జుల్మా. "దాని ఆఖరేమవుతుందో నేను చెప్పగలను. ఆ పిల్ల..."

"చెప్పకు పిన్నీ."

ఇవెట్ వేళ్ళ ఉప్పు గౌనుకి తుడుచుకుంది. "నేనే చూస్తాను. నువ్వు ఇక్కడ ఉండు." అని తలుపు తోసుకుని లోపలికి పోయింది.

జుల్మా ఆ చలిలో హాలు మెట్ల మీద కూర్చుంది. లోపలినుంచి పియానో వినిపించింది, తర్వాత మాటలు, తర్వాత చాలాసేపు ఏమీ లేదు. వంకర మణికట్టు సలిపింది. లోపలికి పోయి చూడాలనిపించి రెండుసార్లు లేచి, మళ్ళీ కూర్చుంది. చివరికి జనం బయటికొచ్చారు. కొందరు కళ్ళు తుడుచుకుంటున్నారు. వాళ్ళ వెనకాల ఇవెట్ వచ్చింది. కళ్ళు పొడిగా ఉన్నాయి. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి.

"చెత్త సినిమా," అంది.

జుల్మా నోరు తెరిచింది. పియానో మాష్టరు నటన గురించి, ఆ కిటికీ సీను గురించి చెప్పాల్సింది చాలా ఉంది. నోరు మూసుకుంది. ఇవెట్‌కి వినబడే ఎడమ చెవి వైపుకి జరిగి నడుస్తూ, "ఎందుకని?" అని అడిగింది.

ఇవెట్ చెప్పడం మొదలుపెట్టింది. దవడ నొప్పికి ఆగి ఆగి, ఒక్కో మాటా కూడదీసుకుంటూ, వంతెన దాటి కొట్టుదాకా చెప్తూనే ఉంది.